పాత సామాను, ప్రశ్నలూ జవాబులూ: కొమ్ము కర్రా, కొయ్య కర్రా?

పోయిన సంచికలో దక్షిణాఫ్రికా నాబ్‌కెర్రీ ఫొటో ఒకటి వేశాం. గుండ్రటి తల, సన్నటి కాడ, రెండూ ఒకే ముక్కలోంచి చెక్కిన దుడ్డుకర్ర అది. దాని కింద “వీటిని ఖడ్గమృగం కొమ్ముతో కూడా చేసేవారు” అని ఒక్క వాక్యం రాశాను. అంతే, ఉత్తరాలే ఉత్తరాలు. బరంపురం నుంచి సిరొంచ దాకా మన తెలుగువాళ్ల అటకల మీద ఇన్ని ఖడ్గమృగం కొమ్ములున్నాయని తెలిస్తే అస్సాం అటవీశాఖకు నిద్ర పట్టదు. కొన్నిటికి ఇక్కడ జవాబులు చెప్తున్నాను. ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట: నేను పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మల దుకాణం ఉన్న ఇంట్లో పుట్టాను, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వకీలును కాను.

ప్రశ్న: అమ్మా, మా ముత్తాత చెరకుతోట కూలీగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లి తిరిగొచ్చాడు. వస్తూ తెచ్చిన కర్ర మా ఇంట్లో ఉంది. మూరన్నర పొడుగు, నలుపు, బాగా నునుపు. తల పిడికిలంత ఉంటుంది. తల కింద రాగితీగ అల్లి ఉంది. ఖడ్గమృగం కొమ్మని మా నాయనమ్మ చెప్పేది. పిల్లలకు జ్వరమొస్తే సాన మీద చుక్క నీళ్లు వేసి, కాడ చివర అరగదీసి, ఆ గంధం నాలుక్కి రాసేది. ఇప్పుడు మా ఆవిడ మనవడికీ అదే చేస్తోంది. ఇది నిజంగా కొమ్మేనా? ఇంట్లో ఉంచుకుంటే ఇబ్బందా? ఫొటోలు పంపుతున్నాను. (ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: అన్నగారూ, ముందు మా వదినగారి చేతిలోంచి ఆ కర్ర తీసుకోండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీరు పంపిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చింది తల ఫొటో కాదు, కాడ చివరది. సాన మీద అరగదీసీ అరగదీసీ ఆ చివర ఏటవాలుగా తేలి, లోపలి పోగు బయటపడింది. ఫోన్లో పెద్దది చేసి చూశాను. గోధుమరంగు నేల మీద చిన్నచిన్న ఖాళీ రంధ్రాలు, ఒక పక్కన వరసగా, ఇంకో పక్కన పలచగా. అవి చెట్టు నీళ్లు పైకి లాగే గొట్టాల నోళ్లు. కొమ్ముకు అవి ఉండవు. ఖడ్గమృగం కొమ్మును అడ్డంగా కోస్తే కనిపించేది వేరు. ఈనెల చీపురును బిగించి కట్టి మొదలు వైపు నుంచి చూడండి, పక్కపక్కనే ఇరుక్కున్న చుక్కలు ఎలా కనిపిస్తాయో అలా ఉంటుంది. ఆ చుక్కలు ఖాళీగా ఉండవు, వాటి మధ్య సందూ ఉండదు. మీది కొయ్య. గట్టి కొయ్య, మంచి కొయ్య, కానీ కొయ్యే.

మీ అనుమానం పూర్తిగా తీరడానికి ఇంకో రెండు పరీక్షలు చెప్తాను. రాత్రి దీపాలార్పి, టార్చిలైటును కాడ సన్నటి చోట ఆనించి వెలిగించండి. ఖడ్గమృగం కొమ్మయితే అంచుల్లో తేనెరంగు వెలుగు దిగుతుంది, ఆ వెలుగులో పొడుగూతా సన్నటి పోగులు కనిపిస్తాయి. మధ్యలో మాత్రం నల్లగా ఉంటుంది. ఎందుకంటే కొమ్ము నడిమి భాగంలో కాల్షియం, మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఎక్కువ పేరుకుని ఉంటాయి. 2006లో అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయం వాళ్లు స్కానింగు తీసి ఈ సంగతి చూపించారు. కొయ్యలో వెలుగు దిగదు. ఇక రెండోది, తల నడినెత్తి చూడండి. ఖడ్గమృగం కొమ్ములో కర్ర చెక్కేటప్పుడు, ముక్కు మీద అంటుకుని ఉండే లావుపాటి మొదలు తల అవుతుంది, కొస వైపు కాడ అవుతుంది. పోగులన్నీ పొడుగునా నడుస్తాయి గనక నడినెత్తిన వాటి చివర్లు చుక్కలుగా తేలతాయి, చెంపల మీద గీతలుగా వాలతాయి. ఈ చుక్కలూ గీతలూ కలిసే చోటును నకిలీ చేసేవాడు సాధారణంగా పట్టించుకోడు. ఇవేవీ లేకుండా తల అంతా ఒకేలా నిగనిగలాడుతుంటే కొమ్మని నమ్మకండి.

నీళ్లలో వేస్తే మునిగింది కాబట్టి కొమ్మేనని మీ తమ్ముడుగారు వెనకాల రాశారు. ఆఫ్రికాలో లెడ్‌వుడ్ అని ఒక చెట్టుంది, దాని కొయ్యా మునుగుతుంది. ఆ కొయ్యతో నాబ్‌కెర్రీలు చేసేవారు కూడా. దయచేసి ఇంకోసారి ముంచకండి, రాగితీగ కింద తడి నిలిచిపోతుంది.

ఇక జ్వరం సంగతి. ఖడ్గమృగం కొమ్ము కెరటిన్. మన గోరు, వెంట్రుక, గేదె కొమ్ము, అన్నీ అదే సరుకు. అది నాలుక్కి రాస్తే జ్వరం తగ్గదు. ఆ మాటకొస్తే గోళ్లు కత్తిరించుకున్నప్పుడల్లా మనం మందు పారేస్తున్నట్టే. మీ ఇంట్లో ఉన్నది కొమ్మే అయితే ఇంతటితో ఆపేసేదాన్ని. కొయ్య కాబట్టి ఇంకో మాట చెప్పాలి. దక్షిణాఫ్రికాలో ఇలాంటి కర్రలకూ సామానుకూ ఇష్టంగా వాడే కొయ్యల్లో టాంబోటి ఒకటి. నల్లగా మెరుస్తుంది, వాసన కూడా బాగుంటుంది. దాని పాలు విషం. ఆ కట్టెలతో వండుకు తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మీది టాంబోటి అని నేననడం లేదు, ఫొటో చూసి చెట్టు పేరు చెప్పడం నాకు చేతకాదు. కానీ ఏ చెట్టో తెలియని కొయ్యను పసివాడి నాలుక మీద రాయడమేంటి చెప్పండి?

మీ ముత్తాతగారి సంగతి మాత్రం కొట్టిపారేయాల్సింది కాదు. మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ మొదటి జట్టు కూలీలతో డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. 1911లో ఆపేసేదాకా నాటాల్‌కు లక్షా యాభైవేల మందికి పైగా వెళ్లారు, వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. మన గంజాం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, ఒడిశాలో కలిసింది 1936లో. మనవాళ్లు రంగూన్‌కు పోయినంతగా నాటాల్‌కు పోలేదు గానీ పోయినవాళ్లున్నారు. అయిదేళ్ల ఒప్పందం, ఇంకో అయిదేళ్లు అక్కడే ఉంటే తిరుగు ఓడ ఖర్చు దొరల మీద. సరిగ్గా ఆ కాలంలోనే అక్కడ తెల్ల ఖడ్గమృగం వేటకు బలై నూటికి లోపు పడిపోయింది. మిగిలిన ఆ కాసిని జంతువుల కోసం 1895లో ఉంఫొలోజి, హ్లుహ్లువే అడవులను రక్షితం చేశారు. పదేళ్లు చెరకు కొట్టి మిగిల్చిన డబ్బుతో ఒక కూలీ అలాంటి కొమ్ము కర్ర కొనగలగడం నాకు నమ్మశక్యంగా లేదు. తీగ అల్లిన కొయ్యకర్ర అంటారా, అది అక్కడి జులూ తెగవాడు, పొరుగువాడు, చేతికిచ్చి ఉండొచ్చు, సంతలో కొని ఉండొచ్చు. రాగి, ఇత్తడి తీగ కర్రల మీద అల్లడం అక్కడివాళ్లకు పాత విద్య.

ఓడల జాబితాలు డర్బన్‌లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చతో సహా రాసుకున్నారు దొరలు. మీ ముత్తాతగారి ఊరి పేరు పాత స్పెల్లింగుల్లో నాలుగైదు రకాలుగా రాసుకుని వెతికించండి. దొరికితే ఆ కాగితం నకలును కర్రతోపాటు ఉంచండి. కర్ర విలువ దాంతో పెరుగుతుంది. డబ్బు విలువ మాట కాదు నేను చెప్పేది.

కొయ్యకర్ర ఇంట్లో ఉంటే ఏ చట్టమూ మీ జోలికి రాదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒకాయన “ఒరిజినల్ ఆఫ్రికన్ రైనో హార్న్ క్లబ్, 120 ఏళ్ల నాటిది” అని పెట్టాడు. వందేళ్లు దాటితే పురావస్తువు కాబట్టి కొనొచ్చంటున్నాడు. కొనమంటారా? (ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: వద్దు. నకిలీదైతే డబ్బు పోతుంది, అసలుదైతే డబ్బుతోపాటు మనశ్శాంతి పోతుంది.

వందేళ్లు దాటినదాన్ని పురావస్తువు అనేది 1972 నాటి ఒక చట్టం. వన్యప్రాణుల చట్టమూ ఆ ఏడాదిదే. ఒకదాని కింద పాతది కదా అని ఇంకోదాని కింద వదిలేయరు. ఖడ్గమృగాలు 1977 నుంచి సైటీస్ అనే, అంతరించిపోయే జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నాయి, అంటే దేశాల మధ్య వ్యాపారం నిషేధం. తర్వాత దక్షిణాఫ్రికా తెల్ల ఖడ్గమృగాలకు బతికున్న జంతువుల విషయంలో, వేట ట్రోఫీల విషయంలో కొంత సడలింపు ఇచ్చారు గానీ అది మీ ఆన్‌లైన్ ఆయనకు వర్తించదు. మన దగ్గర 2022 సవరణతో సైటీస్ జాబితా నేరుగా వన్యప్రాణుల చట్టంలోకే వచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అస్సాం ప్రభుత్వం 2021 సెప్టెంబరు 22న బొకాఖాట్‌లో ఏం చేసిందో గుర్తుందా? ఖజానాలో దాచిన 2,479 కొమ్ములను చితి పేర్చి కాల్చేసింది. సర్కారే అమ్మకుండా బూడిద చేసిన సరుకును ఎవరో ముక్కూ మొహం తెలియనాయన కొరియర్లో పంపుతానంటే మీరు నమ్ముతున్నారు.

ప్రశ్న: పెద్దమ్మా, మాది మన ఊరే, కొమ్ము పనివాళ్లం. ముంబై నుంచి ఒక సేటు ఆఫ్రికా గదల ఫొటోలు పంపి, అచ్చం అలాగే యాభై చేసిమ్మంటున్నాడు. గేదె కొమ్ముతో ఆ తల ఎలా తెప్పించాలి? నాన్న చేసి చూశాడు, తల బోలుగా వస్తోంది. (ఒక యువ కళాకారుడు, పర్లాకిమిడి)

జవాబు: రాదు నాయనా. మీ నాన్న చేతిలో తప్పు లేదు, గేదెలోనే ఉంది. గేదె కొమ్ము ఒక తొడుగు. లోపల ఎముక ఉంటుంది, అది తీసేస్తే మొదలంతా బోలు, కొసన మాత్రమే ఘనం. ఖడ్గమృగానికి లోపల ఎముకే లేదు, మొదట్నుంచి కొసదాకా ఘనమే. ఆఫ్రికావాడు మొదలును తలగా చేశాడంటే అది కుదిరే కొమ్ము వాడి చేతిలో ఉంది కాబట్టి. మన కొమ్ములో లావున్న చోట గుల్ల, ఘనమున్న చోట సన్నం. వాడి పద్ధతిని మన సరుకు మీద రుద్దితే ఇలాగే ఉంటుంది.

తిరగేసి ఆలోచించు. ముసలి దున్న కొమ్ముల్లో కొస లావుగా, జానెడు దాకా ఘనంగా దొరికేవి ఏరుకో. ఆ ముక్కను తలకు వాడు. కాడకు కొయ్య పెట్టు. తల అడుగున బెజ్జం తొలిచి, కాడ మొనను అందులోకి బిగించి, అడ్డంగా ఒక ఇత్తడి మేకు దిగ్గొట్టి, అతుకు మీద ఇత్తడి పట్టీ వేస్తే చాలు. ఆ పట్టీ దాచడానికి కాదు, పట్టుకు. కొమ్ము ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, ఒట్టి జిగురుతో అతికితే ఏడాది తిరక్కుండానే తల చేతికొస్తుంది.

మా నాన్న చేతికర్రలకు ఇంకో పద్ధతి వాడేవాడు. కొమ్ము ముక్కలను బిళ్లలుగా కోసి, నడుమ తొలిచి, ఇనపకడ్డీకి గుచ్చి, రెండు చివర్లా మరలతో బిగించేవాడు. ఆకురాయి పట్టి రుద్దాక బిళ్లకూ బిళ్లకూ మధ్య గీత గోటికి కూడా తగిలేది కాదు. (ఇలాంటి కర్రలనే ఒకరిద్దరు పాఠకులు ఆఫ్రికా ఖడ్గమృగం కొమ్మని నాకు ఫొటోలు పంపారు. అయస్కాంతం పెట్టి చూడండి బాబూ. అతుక్కుంటే లోపల ఇనపకడ్డీ ఉన్నట్టు, అది ఏ ఖడ్గమృగానికీ ఉండదు.) కానీ గదకు ఆ పద్ధతి వద్దు, బరువంతా కాడలోకి పోతుంది. తల బరువుగా, కాడ తేలిగ్గా ఉంటేనే చేతిలో అది నాబ్‌కెర్రీ అనిపిస్తుంది.

సెగ దగ్గర ఓపిక పట్టు. తలకు వాడే ముక్కను వంచే పని లేదు కాబట్టి మరీ కాల్చకు. ఎక్కువ సెగ తగిలితే పొరలు విడి, లోపల తెల్లటి మచ్చలు తేలతాయి, ఎంత మెరుగు పెట్టినా పోవు. వెంట్రుకలు కాలిన కంపు మొదలైందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. నూనె రాసి, మెత్తబడీ మెత్తబడకముందే తీసి చెక్కు.

ఇప్పుడు అసలు మాట. సేటు “అచ్చం అలాగే” అన్నాడు. దేనికట? వాడు వాటిని ఖడ్గమృగం కొమ్మని అమ్మితే, పట్టుబడిన రోజున పోలీసులు వచ్చేది తయారుచేసినవాడి ఇంటికి కూడా. కొమ్ము ఎక్కడ కొన్నావో ఆ బిల్లులు దాచు. నువ్విచ్చే బిల్లు మీద “గేదె కొమ్ము, కొయ్య కాడ, పర్లాకిమిడి పని” అని రాయి. ప్రతి కర్ర అడుగున మీ ఇంటి గుర్తు చెక్కు. దానికి సేటు ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు వదిలెయ్. యాభై కర్రల డబ్బు వదులుకోమనడం నాకు తేలికే, పొయ్యి మీద కుండ మీది కదా, తెలుసు. అయినా చెప్తున్నాను. మన కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ మన పేరు మీదే అమ్ముడుపోతున్నాయి. గద కూడా మన పేరు మీద అమ్మితే తప్పేం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చరిత్ర విద్యార్థిని. ఈ కర్రలు ఆయుధాలా, అలంకారమా? కొమ్ముతో చేసినవి రాజులకేనా? మ్యూజియం బోర్డుల మీద “వార్ క్లబ్, జులూ” అని తప్ప ఏమీ ఉండదు. (ఒక పాఠకురాలు, రాయగడ)

జవాబు: తల్లీ, బోర్డు చూసి అసంతృప్తి పడ్డావంటే సగం చరిత్ర వచ్చేసినట్టే. మన ఊళ్లో కాపలాదారు చేతి కర్ర ఆయుధమా, హోదానా, నడకకు ఊతమా? చీకట్లో కుక్క ఎదురైతే ఒకటి, పంచాయితీలో కూర్చుంటే ఇంకొకటి. ఇదీ అంతే. జులూలు ఇవిసా అని పిలిచే ఈ బుడిపె కర్ర దగ్గరి పోట్లాటకూ పనికొచ్చేది, వేటలో చిన్న జంతువుల మీదికీ పిట్టల మీదికీ విసిరే కర్రలు వేరేగా ఉండేవి. పశువులు కాసే కుర్రాళ్లు ఆడే కర్రసాములో బుడిపె లేని ఉత్త కర్రలే వాడతారు, ఒకటి కొట్టడానికి, ఒకటి కాచుకోవడానికి. అది ఆట గాబట్టి తల పగలకూడదు.

కొమ్ముతో చేసినవి అందరి చేతుల్లో ఉండేవి కావు, పలుకుబడి ఉన్నవాళ్ల చేతుల్లో ఉండేవి. అంత మాత్రాన ప్రతి కొమ్ము కర్రకూ ఒక రాజును అంటగట్టకు. అమ్మేవాళ్ల చీటీ మీద “చీఫ్స్ క్లబ్” అని ఉంటే, ఏ చీఫో, ఏ ఊరో, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో అడుగు. చెప్పలేకపోతే ఆ మాట ధర పెంచడానికి వేసిన మెరుగు. జులూలవే కాదు, త్స్వానా, సోథో అనే అక్కడి వేరే తెగలవీ ఉన్నాయి. జులూ పేరు బాగా అమ్ముడుపోతుంది కాబట్టి దొరికినదానికల్లా అదే పేరు పెట్టారు. ఎందుకు అమ్ముడుపోతుందంటే 1879 యుద్ధం వల్ల. ఆ జనవరి 22న ఇసాండ్ల్‌వానా దగ్గర జులూ సైన్యం బ్రిటిష్ వాళ్లను తుడిచిపెట్టింది. ఇంగ్లండులో ఆ పేరు మారుమోగిపోయింది. తర్వాత గెలిచి ఇంటికెళ్లిన సిపాయిలు గుర్తుగా ఈటెలూ డాళ్లూ కర్రలూ మోసుకుపోయారు. గిరాకీ చూసి అక్కడి చేతిపనివాళ్లు సిపాయిల కోసం, ఆ తర్వాత రైల్లో వచ్చే టూరిస్టుల కోసం చెక్కడం మొదలుపెట్టారు. ఇందులో నామోషీ ఏముంది, మన దగ్గర కొమ్ము బొమ్మలు బతికిందీ రాజుగారి కొలువు పోయాక వచ్చిపోయేవాళ్ల మీదే. కాకపోతే చేతిలో పట్టి వాడినదానికీ గోడకు కొట్టడానికి చేసినదానికీ తేడా చూడటం నేర్చుకో. వాడిన కర్రకు పట్టుకునే చోట చెమటకు నల్లబడిన మెరుపుంటుంది, మిగతాచోట అంత ఉండదు. తల మీద ఒక పక్కనే నలుగుళ్లుంటాయి. గోడ కర్ర మొత్తం ఒకే మెరుపు.

ఇవాళ్టి దక్షిణాఫ్రికా రాజముద్ర చూశావా? 2000 ఏప్రిల్ 27న ఆమోదించారు. అందులో ఈటె, నాబ్‌కెర్రీ రెండూ ఉన్నాయి, నిలబెట్టి కాదు, పడుకోబెట్టి. యుద్ధం ముగిసిందని దాని అర్థం. పక్కనున్న లెసోథో 1987 నుంచి 2006 దాకా తన జెండా మీదే డాలు, ఈటె, నాబ్‌కెర్రీ పెట్టుకుంది. మీ ప్రాజెక్టుకు మ్యూజియం బోర్డు కంటే ఈ రెండు బొమ్మల మీంచి మొదలుపెట్టు.

ప్రశ్న: నమస్తే మేడం, మాది సిరొంచ. మా దోస్తు అత్తగారిది నది అవతల బస్తర్ దిక్కు. వాళ్లింట్ల పెండ్లి ఆటకు తలకు కట్టుకునే కొమ్ముల టోపీ ఉన్నది, తాతల నాటిది. గవ్వలు ఏలాడుతుంటయి. గవి అడవిదున్న కొమ్ములా, బర్రె కొమ్ములా ఎట్ల తెలుస్తది? ఒకాయన మంచి రేటిస్తనంటున్నడు. (ఒక పాఠకుడు, గడ్చిరోలి జిల్లా)

జవాబు: తమ్ముడూ, మీరు ఆఫ్రికా దాకా పోకుండా ఇంటి పక్కనున్నదే అడిగారు, సంతోషం. దండామి మరియా గోండులు తలకు కట్టేది అడవిదున్న కొమ్ములే, దానివల్లే దొరలు వాళ్లకు ‘బైసన్ హార్న్ మరియా’ అని పేరు పెట్టారు. మన వైపు కొమ్ముకోయల ఆటలోనూ అదే. తేడా తేలిక. బర్రె కొమ్ము బల్లపరుపుగా, మూలలు తేలి, మొత్తం నలుపుగా, పైన అడ్డంగా గట్లు గట్లుగా ఉంటుంది. అడవిదున్నది గుండ్రం, నునుపు. మొదలు నుంచి చాలా భాగం పసుపు, ఆకుపచ్చ కలిసినట్టుండే లేతరంగు, కొస నలుపు.

అడవిదున్న షెడ్యూల్ ఒకటిలోని జంతువు, అంటే వన్యప్రాణుల చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితాలోది. రేటిస్తానన్నాయన్ని గుమ్మం దిగమని చెప్పమనండి. అమ్మితే ఇద్దరూ ఇరుక్కుంటారు, రేటిచ్చినవాడు పట్నంలో వకీలును పెట్టుకుంటాడు, గూడెంలో ముసలాయన జైల్లో కూర్చుంటాడు. ఇంట్లో ఉన్నవాటిని ప్రకటించుకోమని 2003లో కేంద్రం 180 రోజుల గడువిచ్చింది. ఆ కబురు ఎన్ని గూడేలకు చేరిందో మీకూ తెలుసు నాకూ తెలుసు. వాళ్ల దగ్గర కాగితం ఏదైనా ఉందేమో ముందు వెతకమనండి. లేకపోతే అటవీ అధికారి దగ్గరికి ఊరి పెద్దను, చదువుకున్నవాణ్ని ఒకణ్ని వెంటబెట్టుకుని వెళ్లి, తరతరాలుగా ఆటకు వాడుతున్నదని చెప్పి సలహా అడగడం మంచిది. ఆ టోపీ తండ్రి తర్వాత కొడుకు తలకెక్కేది. దాన్ని ముంబై హాల్లో సోఫా పైన వేలాడదీయడం నాకైతే నచ్చదు.

ప్రశ్న: మీ ఊళ్లో కొన్న కొమ్ము కొంగకు సన్నటి చిల్లులు పడి, కింద పొడి రాలుతోంది. కిరసనాయిలు పూయమంటున్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, గుణుపురం)

జవాబు: కిరసనాయిలు వద్దమ్మా, కంపు మిగులుతుంది గానీ లోపలి పురుగు చావదు. కెరటిన్ తిని బతికే పురుగులు కొన్ని ఉన్నాయి, ఉన్ని దుప్పట్లను తినేవీ ఆ కోవవే. ఆఫ్రికాలోనైతే చచ్చిన జంతువుల కొమ్ములనే తిని పెరిగే ఒక చిమ్మట జాతి కూడా ఉంది.

కొంగను పొడిగుడ్డతో తుడిచి, రెండు ప్లాస్టిక్ కవర్లలో గాలి తీసి మూటకట్టి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలుంచండి. మామూలు ఫ్రిజ్ పై అరలో ఐస్ గడ్డకట్టే చోటు చాలకపోవచ్చు. ఊళ్లో ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ల ఫ్రీజర్ అడగండి, మూట గట్టిగా ఉంటే వాళ్లకూ ఇబ్బంది ఉండదు. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, ఒక రోజంతా అలాగే వదిలేస్తే చెమ్మ కవరు పైన పడుతుంది, కొంగ మీద పడదు. చిల్లుల చుట్టూ మెత్తటి పెన్సిల్‌తో సున్నాలు గీసి పెట్టుకోండి. వానాకాలం వెళ్లేదాకా నెలకోసారి చూడండి. సున్నాలు లేని చోట కొత్త చిల్లు కనిపిస్తే మళ్లీ ఫ్రీజర్‌కు.